సంస్థ మారినప్పుడు అభిమానుల మొర

ఊరి వడ్రంగి యొకడు తరతరములుగా రైతులకు నాగళ్లు చేసి యిచ్చుచుండి, ఒకనాడు ఆ పని మాని పట్టణపు మేడలకు తలుపులు చేయ మొదలిడెననుకొనుడు. క్రొత్త పనిలో వానికి లాభము కలదని యెరిగియు రైతులు నొచ్చుకొందురు. “మా తాతలనాటినుండి మాకు పని చేసినవాడు మమ్ము విడిచెనే” యందురు. ఆ మాటలో కోపముకన్న మమకారమే హెచ్చు. మనమెరిగిన యీ మొరయే పెద్ద పెద్ద కంప్యూటరు సంస్థల విషయమునను వినవచ్చుచున్నది. అందు న్యాయమెంత, అలవాటెంత యని విచారించుటయే యీ ప్రసంగము యొక్క ఉద్దేశము.

హైదరాబాదునకు తూర్పున ఉప్పల్ నుండి హబ్సిగూడ మీదుగా నాచారమునకును, అటనుండి మల్లాపూరు మీదుగా కుషాయిగూడకును పోయినచో ఒక పెద్ద చౌరస్తా వచ్చును. బస్సులవారును, ఆటోలవారును దానిని “ఇ.సి.ఐ.ఎల్.” అనియే పిలుతురు. ఒక కర్మాగారము పేరే ఆ ప్రదేశమునకు పేరైనది. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ అనునది దాని పూర్తి నామము. 1967వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన భారత ప్రభుత్వపు అణుశక్తి శాఖ క్రింద అది స్థాపితమయ్యెను. దానికి మూలపురుషులు అయ్యగారి సాంబశివరావుగారు. వారు 1914లో పశ్చిమ గోదావరి ప్రాంతపు మోగల్లు గ్రామమున జన్మించి, డాక్టరు హోమీ భాభాగారితో కలిసి పనిచేసిన శాస్త్రజ్ఞులు. 2003లో వారు కీర్తిశేషులైరి. చౌరస్తా చెంతనున్న ఎ.ఎస్. రావు నగర్ వారి పేరనే వెలసినది.

కంప్యూటరనగా, మనమిచ్చిన ఆజ్ఞల వరుసను తప్పక అనుసరించి లెక్కలను తానే చేసికొనిపోవు యంత్రము. అట్టి యంత్రములను పరదేశములనుండియే తెప్పించుకొనవలసియున్న కాలమున, 1969లో, ట్రాంబేలోని మన శాస్త్రజ్ఞులు టి.డి.సి.-12 అను కంప్యూటరును సిద్ధపరచిరి. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అను పేరునకు టి.డి.సి. యనునది సంక్షేపము. ఆ యంత్రమును తయారుచేయు భారమును ఇ.సి.ఐ.ఎల్. వహించెను. 1970 తరువాతి దశాబ్దమున టి.డి.సి.-312, టి.డి.సి.-316 అను యంత్రములను కూడ వెలువరించెను. విద్యాలయములును, పరిశోధనాలయములును వాటిని నెలకొల్పుకొనినవి. మన దేశపు యువకులనేకులు కంప్యూటరు విద్యకు ఆ యంత్రములయొద్దనే ఓనమాలు దిద్దిరి. అట్టివారికి అది కేవలము ఒక సరకు గాదు, తొలి గురువు.

పల్లెలకును ఆ సంస్థతో సంబంధము గలదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు చేయబడినవి. ఆ ప్రయోగము జరిగిన ఆరు రాష్ట్రములలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. ఊరి నడుమ ఇనుపతీగల వలతో అల్లిన పెద్ద గొడుగువంటి సాధనమును నిలిపి, దాని సాయమున బొమ్మలను చూపిరి. ఆ గ్రాహక యంత్రములను చేసి యిచ్చినది ఇ.సి.ఐ.ఎల్. సంస్థయే. పిదప “ఇ.సి. టీవీ” అను పేర దాని పెట్టెలు ఎన్నియో యిండ్లలో వెలసినవి.

అంతట కాలము మారెను. అమెరికా సంస్థయైన ఐ.బి.ఎం. 1978లో మన దేశమును వీడిపోయెను. ఇంచుమించు ఆ కాలముననే స్వదేశపు ప్రైవేటు సంస్థలు చిన్న కంప్యూటర్లను అమ్మజొచ్చినవి. 1984 నవంబరులో ప్రభుత్వము నూతన కంప్యూటరు విధానమును ప్రకటించి దిగుమతి నిబంధనలను సడలించెను. విడిభాగములను తెప్పించి యిచట బిగించి అమ్ముట సులభమయ్యెను, ధరలు దిగినవి. టెలివిజను వ్యాపారమునను పోటీ పెరిగెను. ఇ.సి.ఐ.ఎల్. క్రమక్రమముగ గృహస్థుల విపణినుండి తొలగి, అణువిద్యుత్కేంద్రముల నియంత్రణ సాధనములు, రక్షణశాఖ పరికరములు, అంతరిక్ష సంకేతములనందుకొను పెద్ద యాంటెనాలు మున్నగువాటి వైపు మొగ్గెను.

ఇట్టి మార్పు కలిగినప్పుడు పాత అభిమానుల మొర మూడు విధములుగ నుండును. “మొదట దారి వేసినవారే వెనుకబడిరే” యనునది మొదటిది. “మా యింటనున్న యంత్రము చెడినచో బాగుచేయువారెవరు?” అనునది రెండవది. “ఏరు దాటి తెప్ప తగలవేసినట్లు, మా యాదరణతో పెరిగి మమ్ము మరచెను” అనునది మూడవది.

ఇది మన దేశపు వింత గాదు. 1976లో అమెరికాలో పుట్టిన యాపిల్ సంస్థకును ఇట్టి అభిమానులే కలరు. 1997 ఆగస్టులో బోస్టన్ నగరమున జరిగిన సభలో దాని నాయకుడు స్టీవ్ జాబ్స్, చిరకాల ప్రత్యర్థియగు మైక్రోసాఫ్ట్‌తో సఖ్యమును ప్రకటించెను. బిల్ గేట్స్ ముఖము తెరపై కనబడినంతనే సభికులనేకులు బిగ్గరగా నిరసన తెలిపిరి. అయినను మైక్రోసాఫ్ట్ పెట్టిన 15 కోట్ల డాలర్ల మూలధనము ఆ కష్టకాలమున యాపిల్‌కు ఊతమయ్యెను. 2007 జనవరిలో ఆ సంస్థ తన పేరులోని “కంప్యూటర్” అను పదమునే తీసివేసి, చేతి ఫోనును ముందునకు తెచ్చెను. దానిని కంప్యూటర్ల కొరకే ప్రేమించినవారికి అది యెట్లుండునో మీరూహింపగలరు.

ఇక న్యాయాన్యాయములను తూచి చూతము. మొదటి మొరలో బాధ నిజమేగాని నింద పూర్తిగ తగదు. మమకారము మాత్రముచే కర్మాగారము నడువదు. మాటలో పాత సంస్థను పొగడుచు, అంగడిలో చౌకయైన వేరొక సరకును కొనువారు మనలోనే లేరా? రెండవ మొర సంపూర్ణముగ న్యాయమైనది. వస్తువును అమ్మినవాడు వెలతోపాటు నమ్మకమును గూడ తీసికొనినాడు. తయారీ మానినను, ఆ వస్తువు మన్నునంతకాలము విడిభాగములను, మరమ్మతును దొరకునట్లు చూచుట వాని ఋణము. మానబోవుచున్నామని ముందుగ చెప్పుటయు అట్టి ఋణమే.

మూడవ మొరకు సమాధానము మీ చేతివ్రేలికే తెలియును. నేడు మీరు ఓటు వేయుటకు నొక్కు బొత్తాము గల యంత్రము యొక్క తొలి నమూనాను 1979లో ఇ.సి.ఐ.ఎల్. రూపొందించెను. 1982లో కేరళలోని పరూరు నియోజకవర్గమున 50 పోలింగు కేంద్రములలో అట్టి యంత్రములను తొలిసారి వాడిరి. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతట అవియే నిలిచినవి. బెంగుళూరిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు, ఇ.సి.ఐ.ఎల్. సంస్థయు వాటిని తయారుచేయుచున్నవి. 2008లో చంద్రయానము కొరకు బెంగుళూరు చెంత బ్యాలాలులో నిలిపిన 32 మీటర్ల యాంటెనాలోను ఈ సంస్థ పాలు కలదు. కనుక ఇంటి కూడలినుండి తొలగినను, ఆ నేర్పు ఊరిని పూర్తిగ విడువలేదు. పెట్టెమీద పేరు చూచుట మనము మానితిమి, అంతియే.

ఐనను అభిమానుల మొరను పెడచెవిని పెట్టరాదు. మమకారము లేనివాడు ఫిర్యాదు చేయడు. మారుమాటాడక మరియొక దుకాణమునకు పోవును. మొరపెట్టువాడు ఇంకను మనవాడే యని సంస్థలు గ్రహింపవలయును. మొరపెట్టువారును ఒక ప్రశ్న వేసికొనవలయును: సంస్థ మాట తప్పినదా, లేక మన అలవాటు మాత్రమే తప్పినదా? మాట తప్పినచో గట్టిగ అడుగవలసినదే. అలవాటు తప్పినచో కొంత ఓర్పు వహించి, ఆ సంస్థ నేడు చేయుచున్న పనిని గూడ చూచి తీర్పు చెప్పుట పెద్దలకు తగును.