కాపలా కుక్కకు, కొట్టంలో ఆవుకు ప్రాణం మీదికొస్తే: డాక్టరు దగ్గరికి బయల్దేరే ముందు ఏం చేయాలి?

ప్రకృతి సేద్యం చేసే ఇంట్లో ఆవు లేకపోతే జీవామృతం లేదు, కుక్క లేకపోతే రాత్రి కళ్లం దగ్గర కాపలా లేదు. పంటకు కషాయాలు ముందే కాచి పెట్టుకుంటాం కానీ, వీటికి ఆపదొస్తే ఏం చేయాలో మాత్రం ఆ పూటే ఆలోచిస్తాం. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఎక్కువగా ఎదురయ్యే సంగతులే ఇక్కడ చెప్పుకుందాం. మూతికి గుడ్డ కట్టే పద్ధతి పైనున్న వీడియోలో ఉంది.

మొదట ఎలుకల మందు. మనం మందులు వాడకపోయినా పక్క పొలం గట్టు మీద ఎర ఉంటుంది. డెల్టాలో ఎక్కువగా పెట్టేవి రెండు. జింక్ ఫాస్ఫైడ్ నల్లగా ఉంటుంది, నూకల్లో నూనెతో కలిపి పెడతారు. ఇది కడుపులోకి వెళ్లాక విషవాయువు అవుతుంది, గంటల్లోనే ప్రాణం తీస్తుంది. రెండోది బ్రోమాడయోలోన్. దీంతోనే చిక్కు. తిన్న రోజు కుక్క మామూలుగానే తిరుగుతుంది, రెండు మూడు రోజుల తర్వాత చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం మొదలవుతుంది. దీనికి విరుగుడు విటమిన్ కె1. మొదటిదానికి అలాంటి విరుగుడు లేదు. అందుకే ఏ మందో తెలియడం సగం వైద్యం. ఖాళీ ప్యాకెట్టు దొరికితే సంచిలో వేసుకోండి, లేకపోతే గట్టు యజమానిని అడిగి పేరు రాసుకోండి. వాంతి చేసుకుంటే దాన్ని కూడా కవర్లో కట్టి తీసుకెళ్లొచ్చు, కానీ వాసన చూడొద్దు. జింక్ ఫాస్ఫైడ్ అని అనుమానం ఉంటే బండి అద్దాలన్నీ దించే ఉంచండి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పాలు పట్టించి కక్కించే ప్రయత్నం అసలొద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే డాక్టరు చేతిలో కూడా ఏమీ ఉండదు.

పాముకాటు సంగతి వేరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ మన వరిచేలల్లో ఉన్నవే. రక్తపింజరి కాటేస్తే వాపు, రక్తం కనబడతాయి. కట్లపాము కాటు ఒక్కోసారి గాటు కూడా కనబడదు, వెనక కాళ్లు పడిపోతుంటేనే తెలుస్తుంది. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, పసుపు అద్దడం ఏవీ వద్దు. కుక్కను నడిపించకుండా గోనెసంచి మీద పడుకోబెట్టి నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని మోయండి. మనుషులకు వాడే యాంటీ వీనమ్ ఇంజెక్షనే పశువులకూ వాడతారు, అయితే ప్రతి చోటా ఉంటుందనుకోవద్దు. బయల్దేరే ముందే ఫోన్ చేసి ‘ఉందా?’ అని అడగండి. లేదంటే అక్కడిదాకా వెళ్లి ఇంకో ఊరికి తిరగాల్సి వస్తుంది.

నొప్పిలో ఉన్న కుక్క యజమానినీ కరుస్తుంది. మెత్తటి తువ్వాలుతో మూతి కట్టాలి, అయితే వాంతులు అవుతున్నా ఆయాసపడుతున్నా కట్టకూడదు. కరిచిందంటే 15 నిమిషాల పాటు ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడిగి, అదే రోజు మీరు కూడా ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. మన కుక్కే కదా అని ఊరుకోవద్దు.

ఇక ఆవు. దాన్ని బండెక్కించడం కంటే డాక్టరును రప్పించడం నయం. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. 2022 మే 19న మన రాష్ట్రంలో తొలి విడతగా 175 వాహనాలు మొదలయ్యాయి. రాత్రి పూట మాత్రం ఎవరు పలుకుతారో పగలే కనుక్కుని, నంబరు కొట్టం గోడ మీద సుద్దతో రాసి పెట్టుకోండి. రేపల్లె కింద పెనుమూడి వైపు, లంకల్లో ఉండేవాళ్లకు ఇది మరీ అవసరం. తెనాలిలో అర్ధరాత్రి అయినా ఆటో దొరుకుతుంది, లంకలో ఎవరి ట్రాలీ వస్తుందో ముందే మాట్లాడుకోవాలి. పెద్ద ఆపరేషన్ అవసరమైతే విజయవాడ దాటాక గన్నవరం పశువైద్య కళాశాల ఉంది.

నవధాన్యాలు చల్లిన చేలో ఆవును మేపేవాళ్లు ‘నాము’ సంగతి మర్చిపోవద్దు. పూత రాకముందు బెట్టకొచ్చిన లేత జొన్న, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకలు తింటే గబగబా ఆయాసం, నురగ వచ్చి పశువు కూలబడుతుంది. గంట కూడా ఆగదు. దీనికి సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్ ఉంది. ‘ఆవు పడిపోయింది’ అని కాకుండా ‘జొన్న మేసింది, నాము అనుకుంటున్నాం’ అని ఫోన్లోనే చెబితే డాక్టరు ఆ మందుతో వస్తారు. పడిపోయిన ఆవుకు గొట్టంతో కషాయం పట్టొద్దు. మన కషాయాల మీద ఎంత నమ్మకం ఉన్నా సరే, ఈ ఒక్క చోట చేయి ఆపాల్సిందే.

డాక్టరు తప్పక అడిగేది బరువు. కుక్కను ఎత్తుకుని కాటా మీద నిలబడి, మీ బరువు తీసేయండి. ఆవుకు టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని దాన్ని దాంతోనే గుణించి, భుజం నుంచి తుంటి చివరిదాకా ఉన్న పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు కిలోలు వస్తాయి. చుట్టుకొలత 60, పొడవు 52 అయితే దాదాపు 284 కిలోలు. టీకాల తేదీలు, చూడి నెలలు కూడా అదే కాగితం మీద ఉంచండి.

వైద్యం అయ్యాక పాలు ఎన్ని రోజులు వాడకూడదో డాక్టరును అడిగి రాయించుకోండి. యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే ఆ రోజుల పేడ, మూత్రం జీవామృతంలో కలపకుండా పక్కన పెట్టడమే మంచిది. జీవామృతంలో మనం పెంచేది సూక్ష్మజీవులనే కదా!