సముద్రపు గాలికి ఏ కంచె మేలు?

పిల్లలూ! నెల్లూరు జిల్లాలో మైపాడు, కోడూరు వంటి ఊళ్ళలో ఇల్లు కట్టుకున్నవారికి ఒక చిక్కు ఉన్నది. ఇంటి చుట్టూ కంచె వెయ్యాలి. దేనితో వెయ్యాలి? కర్రతోనా, అల్యూమినియంతోనా? అంగడివాడు "అల్యూమినియం తుప్పు పట్టదు" అంటాడు. ఇంట్లో తాతగారు "సరుగుడు గుంజలు పాతండి, మన ఇసుకలో పెరిగిన చెట్టే గదా!" అంటారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉన్నది. కాని పూర్తి నిజం కాదు.

ముందు శత్రువును తెలుసుకుందాం. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరలను గాలి మోసుకొస్తుంది. నీరు ఆరిపోయినా ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి వస్తువులను చెమ్మగా ఉంచుతుంది. సముద్రపు ఒడ్డున మేకులు, గొళ్ళేలు త్వరగా తుప్పు పట్టేది ఇందుకే.

మనం సత్తుగిన్నె అంటామే, అది అల్యూమినియమే. గాలి తగలగానే దానిమీద కంటికి కనిపించని పల్చని పొర ఏర్పడుతుంది. అదే దానికి కవచం. గీత పడితే ఆ పొర మళ్ళీ దానంతటదే పుడుతుంది. ఇనుపతుప్పు అలా కాదు. పెచ్చులుగా రాలిపోయి లోపలి ఇనుమును కూడా గాలికి అప్పగిస్తుంది.

అయితే ఈ కవచానికీ బలహీనతలున్నాయి. సత్తుగిన్నెలో చింతపండు పులుసు నిలవ ఉంచవద్దని అమ్మ ఎందుకంటుంది? పులుపు ఆ పొరను తినేస్తుంది. సున్నమూ, తడి సిమెంటూ అంతే. ఉప్పు అక్కడక్కడ సన్నని గుంటలు చేస్తుంది. అన్నిటికంటె ముఖ్యం, ఉప్పుతేమలో ఇనుప బోల్టు ఆనుకుని ఉంటే అల్యూమినియం తాను చెడి ఇనుమును కాపాడుతుంది!

దీన్ని మీరే పరీక్షించవచ్చు. మూడు గాజుగ్లాసుల్లో ఉప్పునీరు పోయండి. ఒకదానిలో ఇనుపమేకు, రెండవదానిలో అల్యూమినియం రేకుముక్క, మూడవదానిలో ఆ రేకును గట్టిగా చుట్టిన మేకు వేయండి. వారం రోజులు చూసి, ఏది ఎంత చెడిందో పుస్తకంలో రాయండి.

ఇక కర్ర సంగతి. కర్రకు ఉప్పు పెద్ద శత్రువు కాదు. చెదలూ, బూజూ అసలు శత్రువులు. పాతిన గుంజ ఎక్కడ పుచ్చుతుందో గమనించారా? చాలావరకు నేలమట్టం దగ్గరే. బూజు బతకడానికి గాలీ తేమా రెండూ కావాలి. రెండూ సమంగా దొరికే చోటు అదే. అందుకే పాతే భాగానికి తారు పూస్తారు. టేకులో చేవ లోపల ఉంటుంది. తాటిలో తద్విరుద్ధం: గట్టిదనమంతా బయటి భాగంలో, లోపల మెత్తన. గుంజ కొనేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి.

తుపాను మాట మరవకూడదు. 1989 నవంబరులో పెనుతుపాను కావలి దగ్గరే తీరం దాటింది. గాలి వేగం రెట్టింపయితే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. సందు లేకుండా రేకులు బిగించిన కంచె ఆ బలాన్నంతా తానే భరించాలి. ఊడి ఎగిరిన రేకు కత్తిలా మనుషులను కోస్తుంది. కాబట్టి కర్ర అయినా, లోహం అయినా గాలి దూరిపోయేటట్లు సందులుండాలి.

ఖర్చు కూడా చూడాలి. అల్యూమినియానికి ముందు ఎక్కువ డబ్బు, తరువాత తక్కువ పని. కర్రకు ముందు తక్కువ డబ్బు, కాని ఏటా తనిఖీ. ఒక కిలో అల్యూమినియం తియ్యడానికి సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. పాతదాన్ని కరిగించి మళ్ళీ వాడితే అందులో ఇరవయ్యో వంతు చాలు. సరుగుడు చెట్టో, ఎండతోనే పెరుగుతుంది.

మరి ఏది మేలు? అలల తుంపర తగిలేటంత దగ్గర ఇల్లయితే, రంగుపూత ఉన్న అల్యూమినియం మంచిది. కాని దాని బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువై, మధ్య ప్లాస్టిక్ బిళ్ళలు ఉండాలి. అప్పుడప్పుడు మంచినీటితో ఉప్పు కడగాలి. ఊరి లోపలి ఇంటికి తారు పూసిన కర్రగుంజలు చాలు. ఒకటి పుచ్చితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు.

ఈసారి మీ ఇంట్లో కంచె మాట వచ్చినప్పుడు, ధర అడిగే ముందు మూడు ప్రశ్నలు వెయ్యండి: సముద్రం ఎంత దూరం? బోల్టు ఏ లోహం? గాలికి దారి ఉన్నదా?