మీకు తెలుసా? సైక్లోస్టైల్ పత్రికలో తొలి సూపర్‌మ్యాన్

1926లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అమెరికాలో స్థాపించిన ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రిక పాఠకుల లేఖలను చిరునామాలతో సహా అచ్చువేయడంతో, ముఖపరిచయమైనా లేని వైజ్ఞానిక కల్పనాభిమానులు పరస్పరం ఉత్తరాలు రాసుకుని సంఘంగా ఏర్పడ్డారు. ఆ సంఘం 1930 మేలో వెలువరించిన ‘ది కామెట్’ను తొలి ‘ఫ్యాన్‌జీన్’గా, అంటే అభిమానులే లాభాపేక్ష లేకుండా నడుపుకునే పత్రికగా, సాధారణంగా పరిగణిస్తారు. ఈ అభిమాన పత్రికల్లో చాలావాటిని సైక్లోస్టైల్ పద్ధతిలో, అనగా మైనపు పూత గల స్టెన్సిల్‌పై టైపు మిషనుతో అక్షరాలు కొట్టి, ఆ సందుల గుండా సిరాను కాగితం మీదికి దింపి తయారుచేసేవారు. క్లీవ్‌లాండ్ విద్యార్థి జెర్రీ సీగెల్, మిత్రుడు జో షుస్టర్ బొమ్మలతో ఇలాగే వెలువరించిన ‘సైన్స్ ఫిక్షన్’ 1933 జనవరి సంచికలో సూపర్‌మ్యాన్ అనే పాత్ర కనిపిస్తుంది. విశేషమేమిటంటే అతడు లోకరక్షకుడు కాడు, మనోశక్తితో ప్రపంచాన్ని లొంగదీసుకోజూసిన ప్రతినాయకుడు. పత్రిక ఐదు సంచికలకే ఆగిపోగా, సూపర్‌మ్యాన్ అనే పేరు 1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో మరో పాత్రకు, ఈసారి ఒక వీరుడికి, దక్కింది.