అనంతగిరికి ఎప్పుడు పోవాలె? ఈద్ సెలవులు, వాన, చలి లెక్క

ఈద్ అయిన రెండో రోజు అనంతగిరికి పోదామని మన ఇళ్లలో పిల్లలు అడగడం మామూలే. హైదరాబాద్ నుంచి 80 కిలోమీటర్ల లోపే, తాండూరు నుంచి ఇంకా దగ్గర. కానీ మన పండుగలు చాంద్‌ను బట్టి వస్తాయి, గుట్టలు మాత్రం రుతువును బట్టి మారతాయి. ఈ రెండూ ప్రతిసారి కలవవు. 2026లో రంజాన్ ఈద్ మార్చి మూడో వారంలో, బక్రీద్ మే ఆఖర్లో. మార్చికి టేకు ఆకులు రాలిపోయి అడవి గోధుమరంగుకు తిరుగుతది. మేలో అయితే చిన్నపిల్లలను, పెద్దవాళ్లను తీసుకొని పోవడం దండగ. పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతది కాబట్టి, 2030లో రంజాన్ ఈద్ ఫిబ్రవరి మొదట్లోకి వస్తది. అప్పటిదాకా ఈద్ సెలవును, ట్రిప్పును వేరు చేసుకోవడమే మంచిది.

పైనుంచి చూడాలంటే గాలి తేటగా ఉండాలె. 2022లో మేడారం జాతరకు హనుమకొండ నుంచి హెలికాప్టర్ నడిపారు. ఆ ఏడు జాతర వచ్చింది ఫిబ్రవరిలో, మబ్బు తక్కువుండే రోజుల్లో. వానాకాలంలో మేఘం కిందికి దిగితే పైలట్‌కు నేల కనపడదు. ఎండాకాలంలో వేడి గాలి పలచబడి, రెక్కలకు పట్టు తగ్గుతది, అంత బరువు మోయలేదు. గుట్ట మీద వ్యూ పాయింట్ దగ్గర నిలబడ్డ మనకు బరువు బాధ లేదు గానీ, మబ్బు, దుమ్ము సంగతి అదే. ఎండాకాలంలో దూరమంతా మసక మసక.

పచ్చదనం కావాలంటే జూలై నుంచి సెప్టెంబర్. మూసీ పుట్టేది ఈ గుట్టల్లోనే. కానీ వానల్లో దారులు జారుడు, లోయంతా మబ్బు కమ్మి గంటల కొద్దీ ఏమీ కనపడకపోవచ్చు. నన్నడిగితే అక్టోబర్ ఆఖరు నుంచి జనవరి దాకా మేలు. అడవి ఇంకా పచ్చగుంటది, ఆకాశం తేటగుంటది. తాండూరు వైపు కంది చేన్లు పసుపు పూత మీదుంటాయి. ఆ కందిపప్పుకే 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. కార్తీకంలో అక్కడి గుడి జాతరకు జనం బాగా వస్తారు, ఆ రోజులు చూసుకొని పోండి.

డిసెంబర్‌లో ఒక తిప్పలుంది. పొద్దున పొగమంచు, సాయంత్రం ఆరు కాకముందే మగ్రిబ్. అంటే చూడ్డానికి దొరికేది తొమ్మిది నుంచి అసర్ దాకా. జొహర్ నమాజ్, భోజనం వికారాబాద్ ఊర్లోనే చూసుకొని పైకి పోతే సరిపోతది. జుమా రోజు పెట్టుకోకండి, హడావుడి అయితది.

కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర మాత్రం ఏ కాలమైనా జాగ్రత్త. 2023 జనవరిలో, అంటే ఇదే మంచి సీజన్‌లో, ఒకే కుటుంబానికి చెందిన నలుగురు అక్కడ నీళ్లలో మునిగి చనిపోయారు. నీళ్లు కదలకుండా ఉన్నాయని లోతు తక్కువనుకోవద్దు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ బిగించుకోవాలె, ఆడవాళ్లు బుర్ఖా మీదైనా సరే. పెద్ద సైజు జాకెట్ చిన్నపిల్లలకు వేస్తే నీళ్లలో పైకి జారిపోతది, సైజు లేకపోతే పిల్లలను ఎక్కించొద్దు.

ఇక రోడ్డు. 2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది పోయారు. నాపరాళ్ల లారీలు, టిప్పర్లు ఈ దారిలో ఎప్పుడూ ఉంటాయి. మంచు పొద్దుల్లో, చీకట్లో కారు తీయకండి. వికారాబాద్, తాండూరు రెండూ సికింద్రాబాద్–వాడి రైలు మార్గంలోనే ఉన్నాయి. స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే గుట్ట కొద్ది దూరమే.