ఇంట్లో ఐదడుగుల నీళ్లు... చేతికి 300 మీటర్ల వాచీ!

మా ఇంటి హాల్లో ఐదడుగుల నీళ్లు నిలిచిన రోజు నా చేతికి 300 మీటర్ల లోతును తట్టుకునే వాచీ ఉంది. ఇంట్లో తడిసినా పాడవకుండా మిగిలిన విలువైన వస్తువు అదొక్కటే. దాని ధర గురించి అమ్మానాన్నలకు నేను చెప్పింది పచ్చి అబద్ధం.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 ఆగస్టు 31న కుండపోత వాన. నేను వీకెండ్‌కని హైదరాబాద్ నుంచి వచ్చా. సెప్టెంబర్ 1, ఆదివారం తెల్లవారుతుండగా అమ్మ కేకేసింది, “లెగరా, వాకిట్లోకి నీళ్లొచ్చేశాయి” అని. లేచి చూసేసరికి నీళ్లు మడమల దాకా ఉన్నాయి. సామాన్లు మంచాల మీదకి ఎక్కించేలోపు మోకాళ్లు దాటాయి. బుడమేరుకు గండ్లు పడ్డాయని పక్కింటివాళ్లు అరుస్తున్నారు.

గ్యాస్ బండ, బియ్యం బస్తా, నాన్న బీపీ మాత్రలు... చేతికి అందినవి పట్టుకుని పైన అద్దెకుండేవాళ్ల పోర్షన్‌లోకి ఎక్కాం. మెట్ల మీద నాన్న నా చెయ్యి చూసి అన్నారు, “ఒరేయ్, ఆ వాచీ తీసి పైన పెట్టు, తడిసిపోద్ది.”

“ఏం కాదు నాన్నా, ఇది 300 మీటర్ల నీళ్లలో కూడా పనిచేస్తుంది.”

“మన వీధిలో ఉన్నది ఐదడుగులేరా” అన్నారు నాన్న. అంత టెన్షన్‌లోనూ అమ్మకు నవ్వాగలేదు.

అసలు ఈ వాచీ దేనికి?

నాది ఒమెగా సీమాస్టర్ డైవర్ 300ఎం. 1995లో వచ్చిన ‘గోల్డెన్ ఐ’ నుంచి జేమ్స్ బాండ్ చేతికి కనిపిస్తున్నది సీమాస్టరే. నాకు పిచ్చి పట్టింది మాత్రం సినిమా చూసి కాదు, ఇంజినీరింగ్ చూసి. చిన్న స్టీలు డబ్బా. అందులో బ్యాటరీ లేదు, చిప్ లేదు. చెయ్యి కదిలితే లోపల ఒక బరువు తిరిగి స్ప్రింగ్‌ను చుడుతుంది. చేతి నుంచి తీసి పక్కన పెట్టినా 55 గంటలు ఆడుతుంది. రోజంతా కోడ్ రాసి, రాత్రికి సర్వర్ పడిపోతే లేచి కూర్చునే నాకు, అప్‌డేట్లు అడగని మెషీన్ ఒకటుందంటే ముచ్చటేసింది.

డైవ్ వాచీల కథ కూడా బాగుంటుంది. 1927లో మెర్సిడెస్ గ్లెయిట్జ్ అనే ఈతగత్తె మెడలో రోలెక్స్ ఆయిస్టర్ వేసుకుని ఇంగ్లిష్ చానెల్‌లో దిగింది. చలికి ఆ ఈత పూర్తికాలేదు గానీ వాచీ మాత్రం ఆడుతూనే ఉంది. 1953లో ఫ్రెంచ్ నేవీ డైవర్ల అవసరం కోసం బ్లాంక్‌పెయిన్ కంపెనీ ‘ఫిఫ్టీ ఫాథమ్స్’ చేసింది. రోలెక్స్ సబ్‌మెరైనర్ పుట్టిందీ ఆ ఏడాదే. నీళ్ల కింద ఎంతసేపు ఉన్నామో తెలియకపోతే ప్రాణాలకే ముప్పు. సిలిండర్‌లో గాలి అయిపోవచ్చు. లేదా లోతులో ఎక్కువసేపు ఉండి గబుక్కున పైకి వస్తే, రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఆ రోజుల్లో డైవర్‌కి వాచీ ఫ్యాషన్ కాదు, పనిముట్టు.

డయల్ చుట్టూ ఉండే రింగును బెజెల్ అంటారు. దిగేటప్పుడు దాని మీది చుక్కను నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడతారు. తర్వాత ముల్లు ఎన్ని గీతలు దాటితే అన్ని నిమిషాలైనట్టు. ఈ రింగు ఒకవైపుకే తిరుగుతుంది. పొరపాటున దేనికైనా తగిలి జరిగినా, గడిచిన టైమును ఎక్కువగానే చూపిస్తుంది తప్ప తక్కువ చూపించదు. డైవర్ కాస్త ముందే పైకి వస్తాడు, అంతే. తప్పు జరిగినా మనిషి బతికేలా చేసిన డిజైన్ అది. ఫెయిల్‌సేఫ్ అంటే ఏంటో నాకు కాలేజీ పాఠాల కంటే ఈ రింగే బాగా చెప్పింది.

నా వాచీకి ఇంకో విచిత్రం ఉంది. పది అంకె పక్కన చిన్న హీలియం వాల్వ్. రోజుల తరబడి ఒత్తిడి గదుల్లో ఉంటూ, హీలియం కలిసిన గాలి పీల్చే ప్రొఫెషనల్ డైవర్లకు పనికొస్తుంది. వాచీలోకి దూరిన హీలియం, పైకొచ్చేటప్పుడు అద్దాన్ని తన్నేయకుండా బయటికి వదులుతుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నాకు దాంతో ఏం పనో అడక్కండి. కైకలూరు దగ్గర చేపల చెరువులున్న మా మావయ్య అడిగారు, “చెరువులోకి దిగొచ్చా దీంతో?” అని. దిగొచ్చు మావయ్యా, కానీ నాకు ఈతే సరిగ్గా రాదు!

మూడు రోజులు, ఒక చుక్క

పైపోర్షన్‌లో రెండు కుటుంబాలం ఇరుక్కున్నాం. కరెంటు లేదు. నా ఫోన్‌లో నలభై శాతం చార్జింగ్. మిగతా ఫోన్లు సాయంత్రానికే చచ్చాయి. హైదరాబాద్‌లో అక్క ఏడుస్తోంది, ఫోన్ పూర్తిగా ఆపేస్తే ఆమెకు ఊపిరాడదు. ఆన్‌లో పెడితే పొద్దుటికి చార్జింగ్ ఉండదు.

అప్పుడు గుర్తొచ్చింది బెజెల్. చుక్కను ముల్లుకు ఎదురుగా పెట్టి ఫోన్ ఆఫ్ చేశా. ముల్లు చుట్టు తిరిగి మళ్లీ చుక్క దగ్గరికొస్తే గంట. ఫోన్ ఆన్ చేసి, అక్కకు మెసేజ్ పెట్టి, పడవ ఎటొస్తోందో కనుక్కుని, ఐదు గీతలు దాటేలోపు ఆపేయడం. రాత్రి చిమ్మచీకట్లో ఇల్లంతటికీ వెలుగుతున్నవి రెండే చుక్కలు... బెజెల్ మీదిది, నిమిషాల ముల్లు మీదిది. ఆ రెండూ ఆకుపచ్చ, మిగతా అంకెలన్నీ నీలం. సరదాకి చేసిన రంగులనుకున్నా. చీకట్లో కళ్లు వెతికేది ఆ రెండింటినేనని ఆ రాత్రి అర్థమైంది.

అలా మూడు రోజులు ఫోన్ బతికింది. పడవల్లో, డ్రోన్లలో వచ్చిన పులిహోర పొట్లాలు, నీళ్ల బాటిళ్లతో మేమూ బతికాం.

డైవర్లంటే వాళ్లు

నీళ్లు తీశాక ఒకరోజు ప్రకాశం బ్యారేజీ వైపు వెళ్లా. సెప్టెంబర్ మొదట్లో అక్కడ 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్లింది. 1957లో బ్యారేజీ కట్టాక ఇదే రికార్డు. ఆ ఉరవడిలో పెద్ద ఇనుప పడవలు కొట్టుకొచ్చి గేట్లకు గుద్దుకున్నాయి. దెబ్బతిన్న కౌంటర్ వెయిట్లను గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో మార్చారు. ఇరుక్కున్న పడవలు మాత్రం క్రేన్లకు కదల్లేదు. విశాఖ నుంచి డైవర్లు వచ్చి, నీళ్ల కింద ఆ ఇనుమును కోయాల్సి వచ్చింది.

దూరం నుంచి చూస్తూ నిలబడ్డా. బురద నీళ్లు, మోచెయ్యి దూరంలో ఏముందో కనపడదు, పక్కనే గేట్ల లాగుడు. వాళ్లలో ఎవరికీ నా వాచీతో పనిలేదు. ఇప్పుడు డైవర్లు డైవ్ కంప్యూటర్లు వాడతారు. పైనుంచి గొట్టంతో గాలి పంపే పనుల్లోనైతే పైన నిలబడిన మనిషే టైము చూసుకుంటాడు. నా చేతికున్నది పనిముట్టుగా పుట్టి నగగా మారిన వస్తువని అక్కడ బాగా తెలిసింది. నాకు తెలియకుండానే చొక్కా చేతిని వాచీ మీదకి లాక్కున్నా.

లెక్క తేలిన రోజు

ఇల్లు కడుగుతుంటే బీరువా కింది అరలో నాన్న హెచ్ఎంటీ దొరికింది. పెళ్లిలో అత్తవారు పెట్టిన వాచీ. రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకునేవారు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ వాచీలు ఒకప్పుడు ప్రతి ఇంటి పెళ్లి కానుక. 2016లో ఆ కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. నాన్న వాచీ అద్దంలోపల బురదనీళ్లు. ఫ్రిజ్ పోయినా, స్కూటర్ పోయినా ఏమీ అనని మనిషి, దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

“నీ వాచీ భలే తట్టుకుందిరా. పదిహేను వేలకి గట్టి వాచీయే” అన్నారు.

ఇక నావల్ల కాలేదు. “పదిహేను వేలు కాదు నాన్నా. ఐదు లక్షలు.”

గ్రౌండ్‌ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన సాయం 25 వేలు. నా చేతికి అలాంటివి ఇరవై ఉన్నాయి. ఆ లెక్క నాన్న వేయలేదు. నేనే వేసుకున్నా. అమ్మ మాత్రం వేసింది, “అప్పట్లో పది కాసుల బంగారం” అని. ఇవాళ బంగారం ధర చూసినప్పుడల్లా ఆమె నా చెయ్యి వైపు చూస్తుంది.

నాన్న అడిగింది ఒక్కటే. “అప్పు చేశావా?”

“లేదు. బోనస్ డబ్బులు.”

“మరి అబద్ధమెందుకు చెప్పావ్? వద్దంటాననా? అంటానులే. అన్నా కొనుక్కునేవాడివేగా.”

అమ్మేద్దామని ఒకరిద్దరిని అడిగా. చెప్పిన రేట్లు కొన్నదానికి చాలా తక్కువ. కొన్ని అరుదైన మోడల్స్ తప్పిస్తే లగ్జరీ వాచీ పెట్టుబడి కాదు, ఖర్చు. నాన్న కూడా “నష్టానికి అమ్మడమెందుకు, ఉంచు” అన్నారు. దాని బదులు ఒక ఒప్పందం కుదిరింది. తర్వాతి బోనస్ మొత్తం పైన మాకో గది వేయడానికి. గది అయిపోయింది. ఇప్పుడు బీరువా అక్కడే ఉంటుంది.

మీరూ కొనాలనుకుంటే

మనసు పడితే కొనుక్కోండి, నేను వద్దనను. కొన్ని సంగతులు మాత్రం తెలుసుకోండి.

300 మీటర్లు అని రాసుంటే అది కొత్త వాచీకి చేసిన పరీక్ష. లోపల నీటిని ఆపేది రబ్బరు సీళ్లు. వయసైతే అవీ గట్టిపడతాయి. ఏటా ప్రెషర్ టెస్ట్ చేయించాలి. నీళ్లలో దిగేముందు కీ బిగించి ఉందో లేదో చూడాలి. వేడినీళ్ల స్నానానికి వేసుకోవద్దు. మంగినపూడి బీచ్‌లో మునిగొస్తే మంచినీళ్లతో కడగాలి. వరద బురద తర్వాత నేనైతే సర్వీసింగ్‌కే ఇచ్చా. ఆ బిల్లూ తక్కువేం కాదు.

స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా దేశాలతో మన ఒప్పందం 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద కస్టమ్స్ సుంకం ఏళ్లవారీగా తగ్గుతుంది. తొందరేం లేదు, ఆగొచ్చు. పది లక్షలు దాటిన వాచీ కొంటే 2025 ఏప్రిల్ నుంచి ఒక శాతం టీసీఎస్ కూడా కట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో అసలు ధర చెప్పండి. నీళ్లను తట్టుకునే వాచీలు చాలా ఉన్నాయి. అబద్ధం మాత్రం ఎప్పుడో ఒకప్పుడు లీకవుతుంది.

నాన్న హెచ్ఎంటీని వన్‌టౌన్‌లో ఒక పెద్దాయన విప్పి, కడిగి, మళ్లీ నడిపించారు. తీసుకున్నది ఆరొందలు. డయల్ మీద చిన్న మరక మిగిలింది. రోజుకు రెండు నిమిషాలు వెనక పడుతుంది. పొద్దున్నే కీ ఇస్తూ నాన్న నన్నడుగుతారు, “నీ ఐదు లక్షల్లో టైమెంతైందిరా?”

చెప్తాను. ఆయన ముల్లు సరిచేసుకుంటారు.