కీప్యాడ్ ఫోన్లలో ఆగిన వాట్సాప్ - నిమ్మ ధరల కబురుకు మళ్లీ ఎస్సెమ్మెస్సే దిక్కు

గూడూరు: నిమ్మ సరకు నిలవకు ఆగేది కాదు. కోసిన కాయ వన్నె తగ్గకముందే లారీ ఎక్కాలి. ఢిల్లీ, చెన్నై వైపు గిరాకీ ఎలా ఉన్నదీ బేరాలు మొదలయ్యే లోపే తెలియాలి. పూట ఆలస్యమైన కబురు వర్తకునికి చద్ది కబురే.

బటన్ల ఫోను పట్టుకున్న వర్తకులకు, బ్రోకర్లకు ఈ కబురు కొన్నేళ్లు చౌకగా అందింది. 2018 సెప్టెంబరులో జియోఫోన్‌కు వాట్సాప్ రావడంతో కాయ ఫొటో, ధర, లారీ నంబరు అందులోనే పంపుకొనే వీలు కలిగింది. నోకియా సింబియన్ సెట్లలో వాట్సాప్ 2017 జూన్‌తోనూ, ఎస్40 సెట్లలో 2018 డిసెంబరుతోనూ నిలిచిపోయింది. జియోఫోన్ నడిచే కైఓఎస్‌లో 2024 జూన్ చివరి నుంచి కొత్తగా ఎక్కించుకొనే వీలు పోయింది. 2025 తొలి నెలల్లో పాతవారికీ కట్టయింది. ఫోను చెడింది లేదు, అవతలి కంపెనీ తలుపు మూసింది, అంతే.

కనుక “ధర గ్రూపులో పెట్టాం గదా” అన్న మాట కీప్యాడ్ ఫోను వారి దగ్గర చెల్లదు. వారికి విడిగా ఎస్సెమ్మెస్ పంపవలసిందే. ఇక్కడ ఖర్చు మర్మం ఒకటున్నది. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక సందేశంలో 160 పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తానికి పరిమితి 70కి దిగుతుంది. గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకొస్తాయి. “నిమ్మ” కంటికి రెండక్షరాలు, ఫోను లెక్కలో ఐదు! 2010లో వచ్చిన రూపాయి గుర్తు పెట్టినా ఇదే గతి. పరిమితి దాటితే రెండు సందేశాల కింద లెక్క. పైగా తెలుగు లిపి లేని పాత సెట్లలో వట్టి డబ్బాలే కనిపిస్తాయి. ధర వరకు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడమే మేలు.

అసలు ప్రమాదం వేరే. ఫోను కట్టేసి ఉంటే సందేశం నెట్‌వర్క్ కేంద్రంలో ఆగి, తెరిచాక చేరుతుంది. నిన్నటి ధర ఈ ఉదయం వచ్చి వాలితే, దాన్నే నేటి ధరగా ఎంచి సరకు తెగనమ్మిన వారికి నష్టం తప్పదు. తేదీ, వేళ సందేశంలోనే రాయాలి. ధర కిలోకా, బస్తాకా అన్నదీ తేల్చాలి. ఎస్సెమ్మెస్‌లో ఫొటో పోదు గనుక కాయ సైజు, పచ్చికాయా పండుకాయా అన్నది మాటల్లో చెప్పాలి. లోడు పెద్దదైతే ఫోను చేసి ఖాయం చేసుకొని, ఆ తరువాతే లారీ కదిలించాలి.