కీళ్లవాతము: ఆలస్యమువలని యనర్థము

స్త్రీలు తమ దేహబాధను బైటికి చెప్పకుండుట మన కుటుంబములలో నొక సుగుణముగా నెంచబడుచున్నది. ఈ యోర్పు కీళ్లవాతము విషయమున మిక్కిలి యపాయకరమని మేము చెప్పక తప్పదు.

కీళ్లనొప్పు లన్నియు నొకటి కావు. వయస్సు మీరి కీలరుగుటచే వచ్చు నొప్పి పనిచేసినకొలది హెచ్చి, విశ్రాంతిచే తగ్గును. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అను కీళ్లవాతము వేరు. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి కీలులోపలి పొరపై దాడి చేయుటచే నిది కలుగును. ఇది ముదుసళ్లకే గాక 30 ఏండ్లవారికిని రావచ్చును. పురుషులకంటె స్త్రీలకు 2, 3 రెట్లధికముగా వచ్చుచున్నది.

ఉదయమున లేచిన పిమ్మట అరగంట దాటినను వ్రేళ్ల బిగువు సడలదు. జడ యల్లుటకును, కుచ్చిళ్లు పెట్టుటకును చేతులు లొంగవు. రెండు చేతులందును వ్రేళ్ల మొదళ్లు, మణికట్లు వాచును. ఇవి ముఖ్యమైన గుర్తులు.

అయినను చన్నీళ్లలో పనిచేయుటవలన వచ్చినదని కొన్నినెలలు, తైలమర్దనముతో కొన్నినెలలు గడచిపోవును. పిమ్మట అంగడిలో కొన్న మాత్రలు. అవి నొప్పిని మరపించునే గాని కీలు చెడుటను ఆపజాలవు. రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టరు కనబడలేదని నిశ్చింతగా నుండువారును గలరు. ఆ పరీక్షలో నేమియు తేలకున్నను వ్యాధి యుండవచ్చును.

వాపు కనబడిన 6 వారములలోగా రోగిని నిపుణుడు చూడవలెననియు, 3 నెలలలోగా వ్యాధిని అణచు మందు మొదలిడుట మేలనియు ఐరోపా రుమటాలజీ సంఘము 2016లో సవరించిన సూచనలలో చెప్పినది. ఆ నిపుణుని రుమటాలజిస్టు అందురు. ఎముకలకు శస్త్రచికిత్స చేయు వైద్యుడు వేరు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థయందీ శాఖ కలదు. ముందుగా మందు పడినచో పెక్కుమంది తమ పనులు తాము చేసికొనగలుగుదురు. ఒకసారి వంకరపోయిన వ్రేళ్లను మాత్రము ఏ మాత్రయు చక్కదిద్దజాలదు.

తరచుగా నిచ్చు మెథోట్రెక్సేట్ అను మాత్రను వారమున కొక్కసారియే తీసికొనవలెను. పొరబాటున దినదినమును మ్రింగినచో ప్రాణాపాయము. గర్భిణులకిది తగదు గావున, సంతానము కోరువారు ముందే వైద్యునితో చెప్పవలెను.

సోదరీమణులారా! ఇంట తల్లిగాని, అత్తగాని, కోడలుగాని ఉదయమున గిన్నె పట్టలేక వ్రేళ్లు నొక్కుకొనుచున్నచో, ఆమె చెప్పువరకు వేచియుండక మీరే యడుగుడు. ఎన్నివారములైనదో లెక్కించుడు. వైద్యుని కడకు ఆమెతో కూడ వెళ్లుడు.